మచ్చ పోకపోతే పేరైనా మార్చండి

2022. ఖరగ్‌పూర్‌లో జనం మాస్కులు తీసేస్తున్న ఏడాది. మొదట్లో గడ్డం కిందికి లాగి వదిలేసేవారు, తర్వాత జేబులో పెట్టుకు తిరిగేవారు, ఎండలు ముదిరేసరికి అదీ మానేశారు. బజారులో ఒక మందుల షాపు మేడ మీద మా డాక్టరుగారి ఛాంబర్ ఉండేది. డాక్టరు ప్రైవేటుగా రోగుల్ని చూసే గదిని ఈ ఊళ్లో ఛాంబర్ అనే అంటారు. ఆవిడ చర్మవ్యాధుల డాక్టరు, బెంగాలీ. నేను ఆవిడ దగ్గర నర్సుని. మా తాత బొబ్బిలి వైపు నుంచి ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో పనికి వచ్చాడు, నాన్నా అక్కడే చేశాడు, నేను ఇక్కడే పుట్టాను. మాకు తెలుగు రోగులు ఎక్కువ. అందుకని నా పనిలో సగం ఇంజెక్షన్లూ డ్రెస్సింగులూ అయితే, మిగతా సగం డాక్టరుగారి మాట తెలుగులోకీ, రోగి మాట బెంగాలీలోకీ మార్చి చెప్పడం.

చర్మం డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్లు నొప్పి గురించి తక్కువ మాట్లాడతారు. ఎవరు చూశారు, ఎవరేమన్నారు, ఇంట్లో ఇంకా ఎవరికి తెలియదు, ఇవే ఎక్కువ చెబుతారు. రోడ్డు మీద మా రోగులెవరైనా ఎదురుపడితే, వాళ్లు పలకరిస్తేనే నేను పలకరిస్తాను. చర్మం డాక్టరు నర్సు పేరు పెట్టి పిలిచినా కొందరికి ఇబ్బందే.

పైడమ్మ ఆ వేసవిలో ఒక రోజు ఉదయం వచ్చింది. పేర్లు మార్చి రాస్తున్నాను. ఇందులో ఉన్న ఇద్దరినీ అడిగి, సరే అన్నాకే రాస్తున్నాను. ఊరంతా మాస్కులు తీసేసినా ఆమె ముఖానికి మాస్కు ఉంది, చేతులకు ప్లాస్టిక్ గ్లవ్స్ ఉన్నాయి. బెంచీ చివర కూర్చుని, తన తర్వాత వచ్చినవాళ్లందరినీ ముందు పంపించింది. అందరూ వెళ్లాక లోపలికి వచ్చింది.

"ఏటైంది అక్కా?" అన్నాను.

"ముందు తలుపెయ్యండి సిస్టరమ్మా."

తలుపు వేశాక గ్లవ్స్ తీసింది. వేళ్ల చివర్లు తెల్లగా ఉన్నాయి, పిండిలో ముంచి తీసినట్టు. మాస్కు తీస్తే పెదాల చుట్టూ కూడా అంతే.

ట్రాఫిక్ కాలనీ మార్కెట్ సందులో ఆమెది ఇడ్లీ బండి. తెల్లారేసరికి డ్యూటీకి వెళ్లే రైల్వేవాళ్లు, ట్యూషన్లకు వెళ్లే పిల్లలు, అందరూ అక్కడే నిలబడి తినేవారు. భర్త రుబ్బి పెట్టేవాడు, ఆమె వండి వడ్డించేది. ఇద్దరూ బతికేది దాని మీదే. కరోనా రోజుల్లో మొదటి మచ్చ కనిపించింది. అప్పుడు అందరికీ మాస్కులున్నాయి కాబట్టి బాధ లేకపోయింది.

"ఆయేల గ్లౌజులు సూసి, ఈవిడెంత సుబ్బరంగా ఉంటాదో అన్నారు. ఇప్పుడు అయ్యే గ్లౌజులు సూసి, ఏటి దాస్తన్నావని అడుగుతున్నారు. మొన్న ఒకావిడ నా ముందరే పిల్లాడి సెయ్యట్టుకుని లాక్కుపోనాది." గొంతు తగ్గించి అడిగింది. "నిజం సెప్పీండి. ఇది పెద్దరోగమేనా?"

పెద్దరోగం అంటే మావాళ్ల మాటల్లో కుష్ఠు. ఆ పేరు పలకడం ఇష్టం లేక అలా అంటారు.

అలాంటి మచ్చతో ఎవరు వచ్చినా మేం మొదట చేసేది సెన్సేషన్ టెస్ట్. రోగిని కళ్లు మూసుకోమని, మచ్చ మీద సన్నటి దూదిపోగు ఆనిస్తాం. కుష్ఠు నరాలను దెబ్బతీస్తుంది కాబట్టి ఆ మచ్చ మీద స్పర్శ తెలియదు, లేదా బాగా తగ్గిపోతుంది. పైడమ్మ కళ్లు మూసుకుంది. దూది ఆనించిన ప్రతిసారీ "తగిలింది" అంది. తర్వాత గది చీకటి చేసి వుడ్స్ ల్యాంప్ కింద చూశారు డాక్టరుగారు. అదొక రకం ఊదారంగు దీపం. బొల్లి మచ్చలు దాని కింద సుద్దముక్కలా మెరుస్తాయి. పైడమ్మ వేళ్లు మెరిశాయి.

"శ్వేతీ," అన్నారు డాక్టరుగారు బెంగాలీలో. "విటిలిగో. భయం లేదు."

పైడమ్మకు బెంగాలీ బాగానే వచ్చు. "శ్వేతీ అంటే శ్వేతకుష్టే కదమ్మా. లెవెల్ క్రాసింగు కాడ గోడ మీద రాసి ఉన్నాది. సఫేద్ కోఢ్‌కి మందిస్తామని. మా ఆయన సదివి సెప్పినాడు."

ఆ గోడ నాకూ తెలుసు. నాటువైద్యుల ప్రకటనలు ఊరి నిండా ఉంటాయి. సఫేద్ కోఢ్ అంటే హిందీలో తెల్ల కుష్ఠు. బొల్లికి శ్వేతకుష్ఠు అన్న పాత పేరు ఒకటి ఎప్పటినుంచో ఉంది, కానీ రెంటికీ సంబంధం లేదు. కుష్ఠు ఒక క్రిమి వల్ల వస్తుంది. బొల్లిలో క్రిమి లేదు, అది ఎవరికీ అంటదు. చర్మానికి రంగునిచ్చే కణాలను మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటు పడి చంపేస్తుంది, అంతే. ఇదంతా డాక్టరుగారు చెప్పారు, నేను తెలుగులో చెప్పాను. పైడమ్మ తల ఊపింది.

వైద్యం సంగతి కూడా దాచకుండా చెప్పారు. పూసుకోవడానికి ఆయింట్‌మెంట్, వారానికి రెండుసార్లు ఫోటోథెరపీ. అంటే ఒక ప్రత్యేకమైన దీపం వెలుగు చర్మం మీద పడేలా కూర్చోబెట్టడం. ముఖం మీదా చేతుల మీదా వచ్చిన మచ్చల్లో చాలావరకు రంగు తిరిగి వస్తుంది. వేళ్ల చివర్లలో, పెదాల మీద మాత్రం రావడం కష్టం. కొత్త రంగు వెంట్రుకల కుదుళ్ల నుంచి పుట్టుకొస్తుంది. అక్కడ వెంట్రుకలుండవు.

ఇది విన్నాక పైడమ్మ చాలాసేపు తన వేళ్లు చూసుకుంది. తర్వాత డాక్టరుగారితో కాదు, నాతో అంది. "మచ్చ పోకపోతే పోనీండి సిస్టరమ్మా. దాని పేరేనా మార్చండి. మచ్చకి ఎవులూ లేచెల్లిపోలేదు. ఎవులో కుష్టు అన్నాకే ఎల్లిపోనారు."

డాక్టరుగారికి ఆ మాట బెంగాలీలో చెప్పాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టి, "ఠీక్ బోల్ఛే," అన్నారు. నిజమే చెబుతోంది, అని.

పేరు మార్చడం మాకు తేలికగానే తోచింది. మంచి ఇంగ్లీషు పేరు ఉండనే ఉంది. దీపం గదిలో కూర్చున్నప్పుడల్లా పైడమ్మ చేత పలికించేదాన్ని. మొదట "ఇట్లిగో" అనేది. నాలుగైదుసార్లకు "విటిలిగో" వచ్చింది. ఎవరైనా అడిగితే ఈ పేరే చెప్పు, ఇంకేమీ చెప్పకు అన్నాను.

అది ఎదురు తిరిగింది. దాస్ దాదా అని ఒక రిటైర్డ్ రైల్వే గార్డు, ఎంతమంది మానేసినా ఆమె బండి దగ్గర టిఫిన్ మాననివాడు. ఆయనే అడిగాడు. ఈమె విటిలిగో అంది. ఆయన చెంచా కింద పెట్టి, "ఎటా ఆబార్ కోన్ వైరస్?" అన్నాడు. ఇది మళ్లీ ఏ వైరస్సు, అని. పక్కనున్నవాళ్లు కూడా వెనక్కి జరిగారు. కొత్త ఇంగ్లీషు పేరు వింటే జనానికి ఏం గుర్తొస్తుందో ఆ రోజుల్లో మేం ఆలోచించాల్సింది. పాత పేరు విని మానేసినవాళ్లు కొందరైతే, కొత్త పేరు విని ఇంకొందరు మానేశారు. పిండి మిగిలిపోయి పులిసిపోతోందని, ఇలాగైతే బండి అమ్మేసి వేరే ఊరు పోదామని భర్త అంటున్నాడని పైడమ్మ చెప్పింది. "ఏ ఊరెల్లినా ఈ సేతులే కదా," అంది.

"మీరొచ్చి ఓ మాట సెప్పండి సిస్టరమ్మా," అని కూడా అంది. "నర్సమ్మ సెప్తే ఇంటారు."

డాక్టరుగారిని అడిగి ఒక ఆదివారం పొద్దున్న వెళ్లాను. యూనిఫాంలోనే వెళ్లాను, చూసేవాళ్లకు తెలియాలని. బండి దగ్గర ఒక ఏడెనిమిది మంది ఉన్నారు. పైడమ్మను గ్లవ్స్ తీయమని, ఆమె చేత్తోనే ఇడ్లీ పెట్టించుకుని తిన్నాను. తర్వాత తెలుగులో, హిందీలో, వచ్చినంత బెంగాలీలో చెప్పాను. ఇది కుష్ఠు కాదు. వైరస్ కాదు. ముట్టుకుంటే అంటదు, తింటే అంటదు. డాక్టరుగారు పరీక్ష చేసి చెప్పారు.

దాస్ దాదా నా ముఖంలోకి ఒకసారి చూసి, ఒక ప్లేటు అందుకున్నాడు. ఆయన తింటుంటే ఇంకొకరు. పైడమ్మ ముఖంలో నేనెప్పుడూ చూడని వెలుగు వచ్చింది. ఆ సంతోషంలోనే గరిటె ఊపుతూ అంది. "నాకు పెద్దరోగమైతే నానిక్కడ నిలబడతానా బాబూ? ఊరవతల ఉందును కానా?"

అందరూ నవ్వారు.

బండి పక్కన వేసిన బల్ల చివర అప్పలసామి కూర్చుని ఉన్నాడు. నిమ్‌పురాలో ఉంటాడు, వర్క్‌షాపులో ఖలాసీగా, అంటే హెల్పరుగా చేసి రిటైరయ్యాడు. పైడమ్మ ఆయన్ని మావయ్యా అని పిలిచేది. కుడిచేతి వేళ్లు రెండు లోపలికి ముడుచుకుపోయి ఉంటాయి. మెషీన్‌లో పడి అలా అయిందని అందరికీ చెప్పేవాడు, అందరూ నమ్మేవారు. ఆయన మా రోగి అని అక్కడ నాకొక్కదానికే తెలుసు. ఆయనకు కుర్రతనంలో కుష్ఠు వచ్చింది. మందులు వాడాడు, పూర్తిగా నయమైంది. అప్పటికే దెబ్బతిన్న నరాలు మాత్రం బాగుపడలేదు. వేళ్లు అందుకే ముడుచుకున్నాయి, ఎడమ పాదానికి అందుకే స్పర్శ లేదు. స్పర్శ లేని పాదానికి ఏం గుచ్చుకున్నా తెలియదు కనుక పుండు పడుతూ ఉంటుంది. ఆ డ్రెస్సింగ్ కోసమే మా దగ్గరికి వచ్చేవాడు. ఆయన పలకరించలేదు కాబట్టి నేనూ పలకరించలేదు. ప్లేటు కడిగి పెట్టేసి వెళ్లిపోయాడు.

బండి మళ్లీ నడిచింది. అందరూ తిరిగి రాలేదు గానీ పిండి మిగలడం ఆగింది. రెండు వారాల తర్వాత దీపం గదిలో పైడమ్మ నన్నడిగింది. "అప్పలసామి మావయ్య రావడం మానేసినాడు సిస్టరమ్మా. అందరూ మానేసినప్పుడు ఆయన మానలేదు. ఇప్పుడెందుకు మానేసినాడు? నానేటైనా అన్నానా?"

నాకు తెలుసు. కానీ ఒక రోగి సంగతి ఇంకో రోగికి చెప్పకూడదు. "కనపడితే ఆయన్నే అడుగు అక్కా," అని మాత్రం అన్నాను.

ఆ వారంలోనే అప్పలసామి డ్రెస్సింగుకు వచ్చాడు. కట్టు విప్పుతూ, "బాబాయ్, బండి కాడికెల్లడం లేదంట?" అన్నాను.

"ఆవిడ సెప్పినాదా?"

"అడిగినాది. నానేటీ సెప్పలేదు."

"నువ్వు సెప్పవని తెలుసు తల్లీ." తన పాదం వైపు చూశాడు. నేను శుభ్రం చేస్తున్నాను, ఆయనకు తెలియడం లేదు. "మెషీన్‌లో పడ్డాదంటే అయ్యో పాపం అంటారు. పక్కన కూకోబెట్టుకుంటారు. జబ్బు పేరు సెప్తే అదే సెయ్యి, అయ్యే వేళ్లు, లేచెల్లిపోతారు. అందుకే పెల్లికి ముందు ఆ మెషీన్ మాట పెట్టుకున్నాను. అలగే నడిసిపోనాది."

"పైడమ్మ కావాలని అనలేదు బాబాయ్."

"ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆవిడా బతకాల. గాని ఆయేల అందరూ నవ్వినారు సూడు, నానూ నవ్వినాను. నవ్వకపోతే ఎవులైనా అడుగుతారేమోనని. నవ్వినాను గాని, మరి ఆ బల్ల మీద కూకోలేకపోనాను."

కట్టు కట్టాను. ఆయన చెప్పు వేసుకుంటూ అన్నాడు. "ఎల్లి సెప్పేస్తాను. ఇప్పుడేటి, ఉద్యోగం పోతాదా, పెల్లాగిపోతాదా? ఏటంటాదో సూద్దాం." వెళ్లమనీ అనలేదు, వద్దనీ అనలేదు నేను. అది ఆయన సంగతి, ఆయన ఇష్టం.

తర్వాతి ఫోటోథెరపీకి పైడమ్మ వచ్చినప్పుడు మనిషి మనిషిలా లేదు. ఆ వెలుగు కళ్లకు తగలకుండా నల్ల కళ్లజోడు పెట్టి, చేతులు దీపం కింద ఉంచాక మొదలుపెట్టింది. "మావయ్య వచ్చినాడు. బండి కట్టేసే యేల, ఎవులూ లేనప్పుడు. నాకు వచ్చినాది పెద్దరోగమేనమ్మా, మెషీన్ కాదు, కుర్రతనంలో వచ్చి మందులతో పోనాది, అన్నాడు. నాను గరిటట్టుకుని అలగే ఉండిపోనాను. కాసేపు సూసి ఎల్లిపోనాడు."

దీపం ఇంకా ఎంతసేపు ఉంచాలో చూశాను నేను.

"మీకు తెలుసునా?"

నేను ఆమె కళ్లజోడు సరిచేశాను. ఆమె అర్థం చేసుకుంది. నెమ్మదిగా అడిగింది. "సిస్టరమ్మా, ఆయన తిన్న ప్లేట్లు ఏటి సెయ్యాల?"

"కడగాల. అందరియ్యీ కడిగినట్టే. మందు మొదలెట్టిన కొద్ది రోజులకే అంటడం ఆగిపోతాది అక్కా. ఆయనకి నయమై ఎన్నేళ్లో అయింది."

దీపం ఆగింది. చేతులు తీసుకోవచ్చు అన్నాను. ఆమె తీయలేదు. కళ్లజోడు కూడా తీయలేదు.

"నానేటడిగినాను ఇప్పుడు?" అంది. "ఆ పిల్లాడి సెయ్యట్టుకుని లాక్కుపోనావిడ కూడా ఇదే అడిగుంటాది కదా, ఇంటికెల్లి."

ఆ మర్నాడు ఆమె నిమ్‌పురా వెళ్లింది. ఇది నాకు అప్పలసామి చెప్పాడు. రైల్వే యార్డు పక్కనున్న తన ఇంటి అరుగు మీద ఆయన పేపరు చూసుకుంటుంటే, టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చి నిలబడిందట. క్షమించమని గానీ, తప్పయిపోయిందని గానీ అనలేదట. డబ్బా విప్పి ముందు పెట్టి, "రేపట్నుంచి నువ్వు రాకపోతే నానే రోజూ తెత్తాను మావయ్యా. ఇంత దూరం నన్ను నడిపించకు," అందట. ఆయన తిన్నంతసేపూ ఆ అరుగు మీదే, పక్కనే కూర్చుందట. తర్వాతి వారం నుంచి ఆయన మళ్లీ బండి దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాడు. మిగతావాళ్లకు ఆయన చెయ్యి ఇప్పటికీ మెషీన్‌లో పడిన చెయ్యే. అంతకన్నా ఎవరికీ చెప్పాలని ఆయనకు లేదు, చెప్పమని పైడమ్మా అడగలేదు.

ఆమె మాత్రం ఒక మాట మానేసింది. "నాది పెద్దరోగం కాదు" అన్న మాట మళ్లీ ఆమె నోట నేను వినలేదు. విటిలిగో అని కూడా అనదు. కొత్తవాళ్లెవరైనా వేళ్లు చూసి తటపటాయిస్తే, "రంగు పోనాది బాబూ. రుసి పోలేదు. తిని సూడు," అంటుంది. మొదటిసారి విన్నప్పుడు దాస్ దాదా ఇంకో ఇడ్లీ వేయించుకున్నాడు. ఆ మాట విని నవ్వినవాళ్లలో ఎవరూ తల వంచుకోవాల్సిన పని లేదు. మేం వెతికి తెచ్చిన పేరు కన్నా అది బాగా పనిచేసింది. జరిగింది ఏమిటో అదే చెబుతుంది, ఇంకే పేరునూ తోడు తెచ్చుకోదు.

పెదాల అంచుల్లో కొంచెం రంగు వచ్చింది. వేళ్లు తెల్లగానే ఉన్నాయి. అదే సందులో ఉన్న ఒక కుటుంబం ఇప్పటికీ పిల్లల్ని వేరే బండికి పంపుతుంది. పైడమ్మ వాళ్లతో మాట్లాడుతుంది, టిఫిన్ మాట ఎత్తదు.

మా ఛాంబర్‌లో కూడా ఒకటి మారింది. అంతకుముందు బొల్లితో ఎవరు వచ్చినా మా మొదటి మాట, "ఇది కుష్ఠు కాదు, భయపడొద్దు." రోగి ఊపిరి పీల్చుకునేవాడు, మాకూ మంచి పని చేశామనిపించేది. బెంచీ మీద తర్వాతి వంతు కోసం కూర్చున్నది ఎవరో మేం చూసేవాళ్లం కాదు. అప్పలసామి అనుమతి తీసుకుని ఇదంతా డాక్టరుగారికి చెప్పాను. ఆవిడ ఆలోచించి, "అయితే ముందు ఏం చెబుదాం?" అన్నారు. ఇప్పుడు ముందు అది ఏమిటో చెబుతాం. రంగునిచ్చే కణాలు పోయాయి, అంటదు, నొప్పి ఉండదు, తగ్గవచ్చు, తగ్గకపోవచ్చు. పెద్దరోగమా అని వాళ్లు అడిగితే కాదంటాం, అని అక్కడ ఆగం. "అదైనా మందుతో నయమయ్యేదే," అని కూడా అంటాం. ఇంతకాలం ఈ పనిలో ఉండి నేను పెద్దగా నేర్చుకున్నది ఏమిటని ఎవరైనా అడిగితే, ఈ రెండో వాక్యం చూపిస్తాను. ఒకరిని ఆ పేరు నుంచి బయటికి లాగేటప్పుడు ఆ పేరు కింద ఇంకా ఎవరున్నారో చూసుకోవాలని అది నాకు గుర్తుచేస్తుంది.

కిందటి చలికాలంలో ప్రేమ్ బజార్ నుంచి బట్టలు కుట్టే ఒకావిడ వచ్చింది. మోచేతి దగ్గర పాలిపోయిన మచ్చ. బొల్లి అనుకుని వచ్చింది. కళ్లు మూసుకుని కూర్చుంది, దూది ఆనించాను, ఆమె ఏమీ అనలేదు. మళ్లీ ఆనించాను. "మొదలెట్టినారా?" అని అడిగింది. మిగతా పరీక్షలు కూడా అయ్యాక డాక్టరుగారు పేరు చెప్పారు. ఆ కుట్టేవిడ నా వైపు తిరిగి, "అంటే పెద్దరోగమేనా?" అంది.

"అవును, కుష్ఠే," అన్నాను, తామరో గజ్జో అన్నట్టే. "మాత్రలున్నాయి. సర్కారు ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. వాడితే పోతుంది."

ఆవిడ కూర్చున్న స్టూలుని వెనక్కి జరుపుకుంది, నాకు దూరంగా. నేను నా కుర్చీ ఆవిడ దగ్గరికి జరుపుకుని, నెలకోసారి వేసుకునే మాత్రల రోజున మూత్రం ఎర్రగా వస్తుందని, కంగారు పడొద్దని చెప్పడం మొదలుపెట్టాను.